చెన్నైలో మొదటి గిటార్ కొనాలి. ఏది తీసుకోవాలి, దాంతోపాటు ఏమేం కావాలి?

ఫొటో చూసి ఆర్డర్ పెట్టకండి. అన్నా సాలైలో 1842 నాటి మ్యూసీ మ్యూజికల్ ఉంది. అలాంటి కొట్టుకి వెళ్లి ఒళ్లో పెట్టుకుని చూడండి. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) వాయిస్తూ సినిమా పాటలు పాడుకోవాలంటే స్టీలు తీగల అకూస్టిక్, క్లాసికల్ నేర్చుకోవాలంటే నైలాన్ తీగలది. నైలాన్ గిటార్‌కి మాత్రం స్టీలు తీగలు ఎక్కించొద్దు. ఆ లాగుడికి బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు కట్టే చెక్క పట్టీ) ఊడొచ్చే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం తీగల ఎత్తు. స్టీలు తీగల గిటార్‌కి 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లుంటే వేళ్లకు హాయి. నా మొదటి గిటార్‌కి 4 దాకా ఉండేది. ఒకే వేలితో చాలా తీగలు నొక్కాల్సిన ఎఫ్ కార్డ్ ఎంత నొక్కినా పలక్కపోతే లోపం నా వేళ్లదేననుకుని ఆరు నెలలు పక్కన పెట్టేశాను. సెటప్ (తీగల ఎత్తు సరిచేయడం లాంటి పని) చేయించాక అదే గిటార్ చక్కగా పలికింది. కాబట్టి కొనేటప్పుడే సెటప్ చేసిమ్మని గట్టిగా అడగండి.

గిటార్‌తోపాటు శ్రుతి చూసుకునే క్లిప్ ట్యూనర్, తీగలు మీటే నాలుగైదు పిక్‌లు, ఒక బ్యాగు చాలు. కాపో (శ్రుతి పెంచడానికి మెడకు బిగించే క్లిప్పు) తర్వాత చూసుకోవచ్చు. ఇక్కడి ఉప్పుగాలికి స్టీలు తీగలు త్వరగా తుప్పు పడతాయి; వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగల కిందివైపు కూడా తుడవండి.