లైసెన్సు స్కూటర్‌కా, గేర్ల బండికా?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. మా ఇల్లు గాజువాకలో ఉంది, రుషికొండ ఐటీ కొండ మీద ఉద్యోగం వచ్చింది. 125 సీసీ మోటారు సైకిల్ కొనుక్కోవాలని ఉంది కానీ ఇంతవరకు ఏ బండీ నడపలేదు. అన్నయ్య స్కూటర్ మీద టెస్టు ఇస్తే సులువుగా అయిపోతుందని, కార్డు చేతికొచ్చాక ఏ బండి నడిపినా ఎవరూ అడగరని ఇంట్లో అంటున్నారు. ఒక ఏజెంటు అయితే ట్రాక్ మీదికి రాకుండానే పని పూర్తి చేయిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: టెస్టు గేర్ల బండి మీదే ఇవ్వండి. లైసెన్సు విషయంలో గేర్లు లేని ద్విచక్ర వాహనం ఒక తరగతి, గేర్లున్నది వేరొక తరగతి. స్కూటర్ మీద తెచ్చుకున్న లైసెన్సుతో మోటారు సైకిల్ నడిపితే, ఆ బండికి సంబంధించినంత వరకు మీకు లైసెన్సు లేనట్టే లెక్క. మోటారు వాహనాల చట్టం 181వ సెక్షన్ ప్రకారం అందుకు 5,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. జరిమానా మాట అటుంచినా, మీ బండి తగిలి ఎదుటివారు గాయపడితే బీమా సంస్థ వారికి పరిహారం చెల్లించి, ఆ సొమ్మును బండి యజమాని నుంచి రాబట్టుకోవడానికి న్యాయస్థానాలు అనుమతించిన సందర్భాలు ఉన్నాయి. సి-బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం, మీ పేరున ఉంటే ఆ యజమాని మీరే అవుతారు. గేర్ల బండికి తీసుకున్న లైసెన్సుతో మాత్రం అన్నయ్యగారి స్కూటర్‌నూ నిక్షేపంగా నడుపుకోవచ్చు.

ముందుగా ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకోవడానికిచ్చే తాత్కాలిక లైసెన్సు తీసుకోవాలి. రవాణా శాఖ సారథి పోర్టల్‌లో దరఖాస్తు చేసేటప్పుడే గేర్లున్న మోటారు సైకిల్ తరగతిని ఎంచుకోండి, ఎందుకంటే చాలామంది తొందరలో తప్పు గడిలో టిక్కు పెట్టేది అక్కడే. రోడ్డు గుర్తుల మీద, నిబంధనల మీద కంప్యూటర్‌లో పెట్టే పరీక్షలో 60 శాతం జవాబులు సరైనవైతే గట్టెక్కినట్టే. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, కానీ 30 రోజులు నిండితే తప్ప డ్రైవింగ్ టెస్టుకు వెళ్లే వీలు లేదు.

ఆ 30 రోజులను గడువు తీరడం కోసం ఎదురుచూసే కాలంగా కాక, నేర్చుకొనే కాలంగా వాడుకోండి. బండికి ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి. లైసెన్సున్న శిక్షకుడిని తప్ప మరెవరినీ వెనక ఎక్కించుకోకూడదు. మొదటి వారం ఖాళీ మైదానంలో క్లచ్ ఒక్కటే సాధన చేయండి: ఫస్ట్ గేరులో పెట్టి, ఎక్సలేటర్ దాదాపు ఇవ్వకుండా, క్లచ్‌ను వేళ్లతో నెమ్మదిగా వదులుతూ బండి కదలబోయే ఆ బిందువును చేతికి అలవాటు చేయాలి. ఆ తర్వాత ఇటుక ముక్కలు పేర్చి ఎనిమిది అంకె గీసుకోండి. టెస్టు ట్రాక్ మీద ఎక్కువమంది కాలు కింద పెట్టేసేది వేగం చాలకనే తప్ప ఎక్కువై కాదు. క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకును పాదంతో కొంచెంగా తొక్కి ఉంచి, ఎక్సలేటర్‌ను ఒకే తీరున పట్టుకుంటే బండి మెల్లగా నడుస్తూనే నిలకడగా ఉంటుంది. చూపు ముందు చక్రం మీద కాకుండా తర్వాతి మలుపు చివర ఉండాలి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టారా, బండి అటే ఒరిగిపోతుంది.

టెస్టు రోజున ఎనిమిది ఒక్కటే చూస్తారనుకోకండి. అద్దం చూసుకోవడం, చేతి సంకేతాలు, గేర్లు మార్చే తీరు కూడా నిబంధనల్లో ఉన్నాయి. తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి.

ఏజెంటు సంగతి. దరఖాస్తు నింపడానికి ఎవరి సాయమైనా తీసుకోండి గానీ, ట్రాక్ మీదికి రాకుండా వచ్చే లైసెన్సు జోలికి మాత్రం పోకండి. మోసంతో సంపాదించినదని తేలితే దాన్ని రద్దు చేసే అధికారం 19వ సెక్షన్ కింద అధికారులకు ఉంది. పైగా మీరు రోజూ వెళ్లవలసిన దారి జాతీయ రహదారి. ఎన్‌ఏడీ కూడలి దాటి మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా ఎండాడ వరకు లారీలు, బస్సుల మధ్యే నడపాలి. మలుపు తిరిగే ట్రెయిలర్‌కు ఎడమ పక్కన ఇరుక్కుంటే డ్రైవరుకు మీరు కనబడరు. హనుమంతవాక ఎత్తులో సిగ్నల్ పడితే వెనక బ్రేకు మీద నిలిపి, క్లచ్ అందుకున్నాకే బ్రేకు వదలాలి. ఈ ఒక్క పనినీ టెస్టుకు ముందే ఏదైనా చిన్న వాలులో పదేపదే చేసి చూడండి. బీచ్ రోడ్డు మీద వెళ్లే రోజుల్లో గాలికి పేరుకున్న ఇసుక కనిపిస్తే, దాని మీదికి చేరకముందే వేగం తగ్గించాలి. హెల్మెట్ ఐఎస్‌ఐ గుర్తున్నదే కొని, పట్టీ బిగించుకోండి. అది లేకపోతే 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుపై అనర్హత వేటు కూడా పడవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. ఎలక్ట్రిక్ స్కూటర్‌కు లైసెన్సు అక్కర్లేదంటున్నారు, కోచింగ్‌కు కొనివ్వవచ్చా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: అందరూ కొంటున్న ఎలక్ట్రిక్ స్కూటర్లకు ఆ మినహాయింపు లేదు. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న తేలికపాటి బండికే అది వర్తిస్తుంది. మీ జాతీయ రహదారి మీద అంత నెమ్మది బండిని నేనైతే పిల్లవాడి చేతికివ్వను. అంతకు మించిన బండిని మైనరు నడిపి పట్టుబడితే 199ఏ సెక్షన్ కింద తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు, అబ్బాయికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు లేకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. 18 నిండగానే ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు చేయించండి. ఈలోగా ఆర్టీసీ బస్సు పాసు తీసివ్వండి.