టెక్ సందేహాలు: అప్‌డేట్ దిగుతుంది కానీ ఎక్కదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ, డిగ్రీ చదువుతున్నా. రెండు నెలల కింద మా దోస్తు నా ఫోన్ రూట్ చేసి ఇచ్చాడు. బాగానే నడిచింది. మొన్న సిస్టమ్ అప్‌డేట్ వచ్చిందని నోటిఫికేషన్. డౌన్‌లోడ్ అవుతుంది, ఇన్‌స్టాల్ సగం దాకా పోయి విఫలమైందని చూపిస్తుంది. మూడుసార్లు చేశా, డేటా అంతా అయిపోయింది. బ్యాంకు యాప్ కూడా తెరుచుకోవట్లేదు. రూట్ పోకుండా అప్‌డేట్ ఎక్కే దారి ఉందా?

జవాబు: ఉంది. నాలుగోసారి డౌన్‌లోడ్ నొక్కకుండా ముందు ఇది చదవండి. రూట్ అంటే ఫోన్ సిస్టమ్ మీద కంపెనీ మనకివ్వని పూర్తి అధికారం తెచ్చుకోవడం.

టైలర్ దగ్గర మీ అంగీ కొలతలు రాసి ఉన్నాయనుకోండి. ‘ఎడమ చెయ్యి అర ఇంచు తగ్గించాలి’ అని ఆయన ఒక చీటీ రాసి పంపాడు. ఈలోపు మీరు ఆ చెయ్యిని ఇంకో టైలర్‌తో మోచేతి దాకా కత్తిరించి కుట్టించుకున్నారు. ఇప్పుడు ఆ చీటీ ఎందుకు పనికొస్తుంది? ఫోన్‌కు వచ్చే ఓటీఏ (గాలిలో, అంటే నెట్ ద్వారా దిగే) అప్‌డేట్ చాలాసార్లు అలాంటి చీటీయే. కంపెనీ సిస్టమ్ మొత్తాన్ని మళ్లీ పంపదు, పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడాను మాత్రం పంపుతుంది. ఒకప్పుడు ఆ తేడాను ఫైళ్ల వారీగా చూసేవారు. 2014లో ఆండ్రాయిడ్ 5.0 వచ్చినప్పటి నుంచి పార్టిషన్ (మెమరీలో సిస్టమ్ ఉండే భాగం) మొత్తాన్నీ ఒకే దిమ్మెగా తీసుకుని బ్లాకుల లెక్క సరిచూస్తున్నారు. ఎక్కడో ఒక మూల ఒక్క బైటు మారినా లెక్క తప్పుతుంది, అప్‌డేట్ అక్కడే ఆగిపోతుంది. ఆగడం మంచిదే. లెక్క చూడకుండా ఎక్కించేసి ఉంటే మీ ఫోన్ ఈపాటికి కంపెనీ బొమ్మ దగ్గరే తిరుగుతూ ఉండేది.

మీ దోస్తు మ్యాజిస్క్‌తో చేసి ఉంటాడు. 2016 నుంచి ఉన్న ఈ టూల్ సిస్టమ్ జోలికి పోదు. ఫోన్ లేచేటప్పుడు మొదట నడిచే ముక్కను, అంటే బూట్ ఇమేజ్‌ను ఒక్కదాన్నే మారుస్తుంది, ఆండ్రాయిడ్ 13తో బయటికొచ్చిన ఫోన్లలోనైతే ‘ఇనిట్ బూట్’ అనే చిన్న ముక్కను. అప్‌డేట్ ఆ ముక్క లెక్క కూడా చూస్తుంది కాబట్టి మీ అవస్థ. అయితే మార్చింది ఒక్క ముక్కే కావడం మీకు కలిసొచ్చే సంగతి. దాన్ని తాత్కాలికంగా యథాస్థితికి తెస్తే చాలు.

మ్యాజిస్క్ యాప్ తెరిచి ‘అన్‌ఇన్‌స్టాల్’ నొక్కితే రెండు దారులు చూపిస్తుంది. ‘రీస్టోర్ ఇమేజెస్’ ఎంచుకోండి. ఫోన్ రీస్టార్ట్ చేయకండి. అలాగే సెట్టింగ్స్‌లోకి పోయి మామూలుగా అప్‌డేట్ ఎక్కించండి. అంతా అయ్యాక ‘రీస్టార్ట్ నౌ’ అని బటన్ వస్తుంది. అలవాటు కొద్దీ వేలు దాని మీదికే పోతుంది, ఆపుకోండి. మళ్లీ మ్యాజిస్క్‌కు వచ్చి ‘ఇన్‌స్టాల్’లో ‘ఇనాక్టివ్ స్లాట్’ అన్న దారి ఎంచుకుని, అది పూర్తయ్యాక ఆ యాప్‌లోంచే రీబూట్ చేయండి. అప్‌డేట్ ఎక్కుతుంది, రూటూ ఉంటుంది.

ఈ స్లాట్ ఏమిటంటారా? 2016లో ఆండ్రాయిడ్ 7.0 నుంచి ఫోన్‌లో సిస్టమ్‌కు ఏ, బీ అని రెండు గదులు కట్టే పద్ధతి వచ్చింది. మీరు ఒక గదిలో కాపురం ఉండగానే రెండో గదికి సున్నం వేస్తారు, రీస్టార్ట్ అయినప్పుడు అందులోకి మారతారు. అన్ని ఫోన్లకూ రెండు గదులు ఉండవు. ఒకటే గది ఉంటే పైన చెప్పిన కిటుకు పనిచేయదు. అలాగే ‘రీస్టోర్ ఇమేజెస్’ నొక్కగానే స్టాక్ బ్యాకప్ (అసలు ఇమేజ్ నకలు) లేదన్నా కిటుకు పనిచేయదు. అప్పుడు మీ ఫోన్ బిల్డ్ నంబరుకు అచ్చంగా సరిపోయే పూర్తి ఫర్మ్‌వేర్ (కంపెనీ తయారుచేసిన ఫోన్ సాఫ్ట్‌వేర్) దింపి, అందులోని అసలు బూట్ ఇమేజ్‌ను కంప్యూటర్ నుంచి ఫాస్ట్‌బూట్ అనే టూల్‌తో ఎక్కించాలి. ‘దాదాపు అదే నంబరు’ అనుకునే చోటే ఫోన్లు చస్తాయి.

శామ్‌సంగ్ ఫోనైతే కథ వేరు. అందులో నాక్స్ అనే రక్షణ ఉంది. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) తాళం తెరిచి బయటి ఇమేజ్ ఎక్కించిన క్షణాన ఫోన్ లోపల ఒక ఎలక్ట్రానిక్ ఫ్యూజు కాలిపోతుంది, నాక్స్ విలువ 0 నుంచి 1 అవుతుంది. మళ్లీ సున్నా కాదు. సర్వీస్ సెంటర్ వాళ్లు మొదట చూసేది దాన్నే. సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచేయదు. మార్పులున్నంత కాలం గాలిలో అప్‌డేట్ కూడా దిగదు, ఫోన్‌లో అనధికార మార్పులు జరిగాయని చెప్పి ఆగిపోతుంది. పూర్తి ఫర్మ్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఓడిన్ అనే ప్రోగ్రామ్‌తో ఎక్కించుకోవడమే. ఓడిన్‌లో ‘సీఎస్‌సీ’ గడిలో ‘హోమ్ సీఎస్‌సీ’ ఫైల్ పెడితే మీ ఫొటోలు ఉంటాయి, ఉత్త ‘సీఎస్‌సీ’ పెడితే పోతాయి. అయినా బ్యాకప్ తీసుకోకుండా అటు పోకండి.

ఇక బ్యాంకు యాప్. రూట్ తీసేస్తే అది తెరుచుకుంటుందని అనుకోకండి. యాప్ తనంతట తాను రూట్‌ను వెతుక్కోవడం ఒక పద్ధతి. గూగుల్ ‘ప్లే ఇంటిగ్రిటీ’ని అడగడం ఇంకోటి. అది మీ బూట్‌లోడర్ తాళం తెరిచి ఉందా, వేసి ఉందా చూసి చెబుతుంది. మ్యాజిస్క్ తీసేసినా తాళం తెరిచే ఉంటుంది కదా. దాన్ని దాచిపెట్టే మాడ్యూళ్లు బోలెడు. అయితే 2025 నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో చిప్ ఇచ్చే సాక్ష్యాన్నే గూగుల్ అడుగుతోంది. ఆ దాగుడుమూతల్లో ఇవాళ మీరు గెలిచినా రేపు కిరాణా కొట్టు ముందు స్కాన్ చేసి నిలబడ్డప్పుడు ఓడొచ్చు. వడ్ల పైసలు పడే ఖాతా, కాలేజీ ఫీజు కట్టే ఫోన్ ఇదే అయితే నా ఓటు రూట్ తీసేయడానికే.

తీసేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. బూట్‌లోడర్‌కు తిరిగి తాళం వేసేముందు ఫోన్‌లో కంపెనీ వాళ్ల అసలు సాఫ్ట్‌వేర్, మీ మోడల్‌దే, పూర్తిగా ఉండాలి. మార్చిన ఇమేజ్ ఉండగా తాళం వేస్తే ఫోన్ లేవదు. చైనా మోడల్‌కు గ్లోబల్ ఫర్మ్‌వేర్ వేసి తాళం బిగించి ఇటుక చేసుకున్నవాళ్లు చాలామంది. ఇంకో మాట, తాళం తెరిచినా వేసినా లోపలి డేటా మొత్తం చెరిగిపోతుంది.

ప్రశ్న: రూట్ చేస్తే ఇంతకీ లాభమేంటి సార్? మా దేవరకొండలో ఫోన్ల దుకాణంలో ‘వన్ క్లిక్ రూట్’ అని యాప్ వేసి ఇస్తామంటున్నారు.

జవాబు: ఆ యాప్ వేయించుకోకండి. ఒక్క నొక్కుతో రూట్ కావాలంటే ఫోన్‌లో భద్రతా లోపం ఏదో ఒకటి ఉండాలి, ఆ యాప్ దాన్ని వాడుకుని లోపలికి దూరుతుంది. లోపలికి పోయాక ఇంకేం చేస్తుందో దాని కోడ్ ఎవరికీ చూపించదు. ఇంటి తాళంచెవి ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టడమే.

లాభం సంగతి అంటే, నేను రూట్ చేసింది తెలుగు చదువుకోవడానికి. నవ్వకండి. 2012కు ముందు మాట. ఫోన్‌లో తెలుగు తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి, వరసగా ఖాళీ డబ్బాలు. ఓపెరా మినీ సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్ అనే దారి ఆన్ చేస్తే వాళ్ల సర్వరు అక్షరాలను బొమ్మలుగా చేసి పంపేది, అలా చదివేవాళ్లం. మెసేజ్‌లకు, కాంటాక్ట్‌లకు ఆ దారి లేదు. నల్లగొండ గడియారం స్తంభం దగ్గరలో అద్దె గది, గదిలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్. రూట్ చేసి తెలుగు ఫాంట్ సిస్టమ్‌లో పడేశా. అక్షరాలొచ్చాయి. వత్తులు మాత్రం కింద ఉండాల్సినవి పక్కకు జరిగి నిలబడ్డాయి, ‘అమ్మ’ను ‘అమ్‌మ’గా చదవాల్సి వచ్చింది. ఫాంట్ ఒక్కటే చాలదు, దాన్ని అమర్చే ఇంజిన్ కూడా కావాలని అప్పుడు తెలిసింది.

ఆ ఇంజిన్ ఉన్న కస్టమ్ రామ్ (కంపెనీది కాకుండా బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్ సిస్టమ్) వేద్దామని కూర్చున్నా. బార్ సగం దాటింది, కరెంటు పోయింది. ఆ రోజుల్లో కోత వేళలు కాగితం మీద రాసి గోడకు అంటించుకునేవాళ్లం, ఆ కాగితం చూడకపోవడం నా తప్పు. కరెంటొచ్చాక ఫోన్ రాలేదు. మూడో రోజు బస్సెక్కి హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌కు పోతే, వెంట్రుకలంత సన్నటి తీగలు నాలుగు బోర్డుకు అతికించి, ఏదో బాక్స్‌కు కలిపి, చాయ్ తాగే లోపు లేపిచ్చాడొక పిల్లాడు. వాడికి పదహారేళ్లుంటాయేమో. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 తెలుగును, కన్నడ, మలయాళాలతో పాటు, సిస్టమ్‌లోనే తెచ్చింది. నేను రూట్ చేసిన కారణం అట్లా తీరిపోయింది.

అప్పటి కారణాల్లో చాలావరకు తీరిపోయాయి. స్క్రీన్ రికార్డింగ్, డార్క్ మోడ్, యాప్‌లకు ఒక్కో అనుమతి విడివిడిగా ఇవ్వడం, ఇవన్నీ ఇప్పుడు ఊరికే వస్తున్నాయి. ఇంకా రూట్ కావాల్సింది ఫోన్ లోపలి సంగతులు నేర్చుకునేవాళ్లకు, మొత్తం ఫోన్‌ను యాప్‌ల డేటాతో సహా బ్యాకప్ తీసుకోవాలనుకునేవాళ్లకు. నేర్చుకోవాలనుంటే డ్రాయర్లో పడున్న పాత ఫోన్ తీయండి. అది చచ్చినా నిద్ర పడుతుంది.

ప్రశ్న: 2019లో కొన్న రెడ్‌మీ నోట్ 7 ప్రో. అప్‌డేట్లు ఆగిపోయి చాలా రోజులైంది. బ్యాటరీ మార్పించా, ఫోన్ గట్టిగానే ఉంది. కస్టమ్ రామ్ వేయొచ్చా? (మహబూబ్‌నగర్ నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: వేయొచ్చు మేడమ్. కస్టమ్ రామ్‌కు అసలైన ఉపయోగం ఇదే, కంపెనీ వదిలేసిన ఫోన్‌కు ఇంకొన్నాళ్లు ఆయుష్షు. చాలామందికి తెలియనిదేమంటే, కస్టమ్ రామ్ వేయడానికి రూట్ అక్కర్లేదు. బూట్‌లోడర్ తాళం తెరవడం, రికవరీ (రామ్ వేయడానికి వాడే చిన్న ప్రోగ్రామ్) ఎక్కించడం, రామ్ వేయడం, అంతే. రామ్ వేశాక అప్‌డేట్లు కూడా గాలిలోనే వస్తాయి, పంపేది మాత్రం కంపెనీ కాదు, ఆ రామ్ తయారుచేసేవాళ్లు. 2016 చివర్లో సయనోజెన్‌మాడ్ అనే కస్టమ్ రామ్ మూతపడ్డాక దాని కోడ్ మీదనే పుట్టిన లీనియేజ్ ఓఎస్‌లో అప్‌డేటర్ అని విడిగా ఒక మెనూయే ఉంటుంది.

ముందుగా ఫోన్ పేరును కాదు, దాని కోడ్‌నేమ్‌ను చూడండి. మీది ‘వయొలెట్’. నోట్ 7 అయితే ‘లావెండర్’. రెండూ ఊదారంగులే, పెట్టినవాళ్లకు దండం. చిప్‌లు వేరు, ఒకదాని రామ్ ఇంకోదానికి వేయకూడదు. షావోమీ ఫోన్లకు తాళం తెరవడానికి దరఖాస్తు పెట్టాక వేచి ఉండాలి, చాలాసార్లు 168 గంటలు, అంటే వారం. సెలవుల్లో పెట్టుకోండి.

రెండోది సిమ్. జియోకు 2జీ, 3జీ లేవు. కాల్ పోవాలన్నా రావాలన్నా వోల్టే (4జీ మీద మాట్లాడే పద్ధతి) పనిచేయాలి. కొన్ని అనధికారిక రామ్‌లలో ఇంటర్నెట్ బ్రహ్మాండంగా నడుస్తుంది, వోల్టే మాత్రం పడదు, ఫోన్ మోగదు. వేసేముందు మీ కోడ్‌నేమ్ రామ్ గురించి ‘వోల్టే’ అని వెతికి చూడండి.

మూడోది, సెట్టింగ్స్‌లో రెండు తేదీలు కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ సెక్యూరిటీ ప్యాచ్ కొత్తగా ఉంటుంది, వెండర్ ప్యాచ్ పాతగానే ఉంటుంది. మోడెమ్, కెమెరా, చిప్ డ్రైవర్లు ఇచ్చేది ఆయా కంపెనీలు. వాళ్లు చేతులెత్తేశాక రామ్ చేసేవాళ్లు వాటిని కొత్తగా పుట్టించలేరు. అందుకే ఈ ఫోన్‌ను క్లాసు వీడియోలకు, పుస్తకాలు చదవడానికి వాడండి, జీతం పడే ఖాతా పెట్టకండి. ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌ల ప్యాకేజీని రామ్ వేసిన వెంటనే, ఫోన్ మొదటిసారి తెరుచుకోకముందే ఎక్కించాలి. తర్వాత వేస్తే వరుసగా క్రాష్‌లు.

ప్రశ్న: గద్వాలలో మాకు చీరల షాపు. ఫోన్ నిండా కొన్నప్పుడే వచ్చిన యాప్‌లు, ప్రకటనలు. కస్టమర్‌కు చీర ఫొటో చూపిస్తుంటే మధ్యలో రమ్మీ ప్రకటన వస్తోంది. రూట్ చేస్తే పోతాయని మా అబ్బాయి అంటున్నాడు.

జవాబు: పోతాయమ్మా, దాంతోపాటు మీ షాపు క్యూఆర్ డబ్బులు చూసుకునే యాప్ కూడా పోవచ్చు. రూట్ వద్దు. సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది, అక్కడ యాడ్‌గార్డ్ వాళ్లు ఉచితంగా ఇచ్చే చిరునామా రాస్తే చాలా ప్రకటనలు ఆగిపోతాయి. డిసేబుల్ కాని యాప్‌లను మీ అబ్బాయి కంప్యూటర్‌కు కేబుల్ కలిపి ఏడీబీ అనే టూల్‌తో తీసేయొచ్చు. అలా తీస్తే యాప్ మీకు కనిపించదు, సిస్టమ్‌లో దాని మూలం అలాగే ఉంటుంది. లెక్క తప్పదు కాబట్టి అప్‌డేట్‌కూ అడ్డం రాదు. పేరు తెలియని యాప్‌ను మాత్రం తీయొద్దని చెప్పండి.

ప్రశ్న: మా తమ్ముడిదీ నాదీ ఒకే ఫోన్, ఒకే రోజు నాగర్‌కర్నూల్‌లో కొన్నాం. వాడికి అప్‌డేట్ వచ్చి పది రోజులైంది, నాకు రాలేదు. నేను రూట్ చేయలేదు.

జవాబు: మీ ఫోన్‌కేం కాలేదు. కంపెనీలు అందరికీ ఒకేసారి వదలవు. ముందు కొద్దిమందికి పంపి, ఫిర్యాదులు రాకపోతే మిగతావాళ్లకు విడతలవారీగా పెంచుతూ పోతాయి. తప్పులేవైనా ముందు మీ తమ్ముడే చూస్తాడు. సెట్టింగ్స్‌లో ‘గూగుల్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్’ డేటా చెరిపేస్తే వెంటనే వస్తుందని ఎవరైనా చెబితే వినకండి. ఆ పని చేస్తే గూగుల్ దృష్టిలో మీ ఫోన్ కొత్త ఫోన్ అవుతుంది, కొన్ని యాప్‌లకు నోటిఫికేషన్లు రావడం ఆగిపోతాయి. 2013లోనే ఆండ్రాయిడ్ ఇంజినీర్లలో ఒకరు ఇది చేయొద్దని బతిమాలి చెప్పారు, అయినా ఆ చిట్కా ఇంకా తిరుగుతూనే ఉంది. ఛార్జింగ్ సగానికి పైగా ఉంచండి, ఐదారు జీబీ ఖాళీ పెట్టండి, రాత్రి వైఫైలో వదిలేయండి.