బుజ్జికి, డిసెంబరు 9 సభ గురించి

బుజ్జీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. డిసెంబరు 9న మీ స్కూల్లో, 1971 యుద్ధంలో నేవీలో ఉండి పోయిన మా అన్నయ్య పేరు మీద సభ పెడుతున్నావట, సంక్రాంతి సెలవుల్లో మా పెద్దక్కని గుజరాత్ పక్కనున్న డయ్యూ తీసుకెళ్తానంటున్నావట. ఆ మాట మీ నాన్నమ్మకి చెప్పిందే చెప్పి విసిగించాను. ఆ తర్వాత రాత్రంతా టెన్షన్. ఫోన్లో అయితే సగంలోనే "సరేలే తాతయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

మైకు ముందురోజే చూసుకో. పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టకు. ఫ్లెక్సీ మీద నాయకుల ఫొటోలు వద్దు. అన్నయ్య సర్వీస్ నంబర్ మా అమ్మ పెన్షన్ కాగితాల మీద ఉంది, ఏ వివరం కావాలన్నా ఆ నంబర్ వేసి ముంబయిలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి, అంటే నేవీ నావికుల రికార్డులుండే ఆఫీసుకి, ఉత్తరం రాయి. ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో గోడ మీది రాళ్లపై అమరుల పేర్లు చెక్కారు. అక్కడ తీసిన ఫొటో దొరికితే పిల్లలకి చూపించు.

మన జిల్లాలో 1971 యుద్ధం అనగానే అందరూ ఘాజీ దగ్గరికే పోతారు. అది పాకిస్తాన్ సబ్‌మెరైన్, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ దగ్గర మునిగింది. అన్నయ్య ఉన్నది ఐఎన్ఎస్ ఖుక్రీ అనే మన యుద్ధనౌకలో. అది అరేబియా సముద్రంలో, డయ్యూకి దూరంగా, డిసెంబరు 9 రాత్రి మునిగింది. హంగోర్ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ మొదట దాని తోడున్న మన ఇంకో ఓడ కిర్పాణ్ మీద టార్పెడో, అంటే నీళ్లలో దూసుకెళ్లే బాంబు, వదిలింది, అది పేలలేదు. రెండోది ఖుక్రీకి తగిలింది. నిమిషాల్లో ఓడ కిందికెళ్లిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడని వదల్లేదు, ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. ఇంతవరకు ధైర్యంగా చెప్పు. అన్నయ్య ఆఖరి క్షణంలో ఏమన్నాడో, ఏం చేశాడో డైలాగులు మాత్రం రాయకు. వాడి డ్యూటీ ఇంజిన్ రూమ్‌లో. అక్కడ ఏం జరిగిందో మనింటికొచ్చి చెప్పినవాడు లేడు.

ఇక బస్టాండు దారిలో ఉన్న అన్నయ్య విగ్రహం సంగతి. సభ ముందు దానికి దండ వేయిస్తానన్నావట. వద్దు.

నువ్వు అప్పటికి పుట్టలేదు. ఊళ్లో కుర్రాళ్లు చందాలు వేసుకుని, ఒక నాయకుడి చేత తెర తీయించారు. వాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ విగ్రహాలు చేసేవాడి దగ్గర ఆర్మీ జవాను అచ్చు ఒక్కటే ఉందట. చేతిలో తుపాకీ, కాళ్లకి బూట్లు, ఇంత లావు మీసం. మా అన్నయ్యకి అప్పటికి మూతి మీద నూగు కూడా సరిగా రాలేదు. ఇంజిన్ దగ్గర పనిచేసినవాడి చేతికి తుపాకీ ఇచ్చారు! ఆ నాయకుడు మైకు పట్టుకుని "ఈ వీరుడు విశాఖలో ఘాజీని ముంచాడు" అని మొదలెట్టి, అక్కడి నుంచి రోడ్లు, బోర్లు, తన పార్టీ. శాలువాలు స్టేజీ మీద వాళ్లకి వాళ్లే కప్పుకున్నారు. మా అమ్మ వెనకాల చాప మీద కూర్చుంది, మంచినీళ్లు అడిగినవాడు లేడు. అందరూ వెళ్లాక లేచి విగ్రహం చుట్టూ తిరిగి చూసింది. "ఎవరోయ్ ఈ నాయన?" అంది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. ఆ తర్వాత ఆవిడ బతికున్నంత కాలం బస్టాండు దారిన సంతకి వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులతో కాలవగట్టు చుట్టూ తిరిగి వెళ్లేది. శవం రాలేదని ఏళ్ల తరబడి కర్మ చెయ్యనివ్వని మనిషి ఆవిడ. ఆఖరికి వీళ్లు ఆవిడకి కొడుకని చూపించింది వేరేవాణ్ని.

అందుకని ఫొటో పెట్టు. బొంబాయి స్టూడియోలో తీయించుకున్నది, తెల్ల యూనిఫాం, నీలం కాలరు, గుండ్రటి టోపీ. వెనక తెర మీద రాజుగారి మేడ బొమ్మ ఉంటుంది, కత్తిరించెయ్యకు. పెద్దది చేయించేవాడు మొహానికి రంగు పూస్తానంటే ఒప్పుకోకు. ముందు వరసలో పెద్దక్కని కూర్చోబెట్టు, మొదటి మాట ఆవిడదే. ఏం చెప్పినా సరే, గట్టు మీద మామిడికాయలు దొంగిలించిన కథే చెప్పినా, ఆపకు. వాడు నాకు బొంబాయి నుంచి కాన్వాస్ బూట్లు పంపాడు, ఒక సైజు పెద్దవి. నేవీ వాళ్ల ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ అడ్రసుతో వచ్చిన ఆఖరి ఉత్తరంలో యుద్ధం మాటే లేదు, బూట్లు సరిపోయాయా అని ఉంది. ఆ ఉత్తరం నువ్వే చదువు, నావల్ల కాదు.

వీలైతే ముందుగా పిల్లల్ని విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ ఎక్కించి తీసుకురా. లోపల ఎంత ఇరుకో చూస్తే, నీళ్ల కింద కూర్చుని యుద్ధం చేయడమంటే ఏంటో తెలుస్తుంది. హంగోర్ కూడా ఇప్పుడు కరాచీ మ్యూజియంలో ఉంది. దాని పేరు రాగానే పిల్లలు గోల చేస్తారు, చెయ్యనివ్వకు.

డయ్యూలో స్మారకం గట్టు మీదే ఉంది, అద్దాల గదిలో ఓడ నమూనా పెట్టారు. అక్కడి దాకా చాలు. ఓడ మునిగిన వైపు తీసుకెళ్తామని ఎవరైనా పడవ చూపిస్తే ఎక్కావో, నీతో మాట్లాడను. నవ్వుతున్నావు, తెలుసు. మన ఇంట్లో ఒకణ్ని సముద్రానికి ఇచ్చాం, ఇంకొకళ్లని ఇవ్వను. పెద్దక్క బీపీ మాత్రలు నీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకో, సూట్‌కేసులో కాదు.

ఖర్చుకి మీ నాన్న ఖాతాలో డబ్బు వేశాను. నువ్వు చదవబోయేది నాకు ముందు పంపు, తేదీలు చూసి పెడతాను. తొమ్మిది దాటితే నిద్రపోతాను, ఆలోగా ఫోన్ చెయ్యి.

తాతయ్య