ఇంట్లో అందరూ పడుకున్నాక చదివే నవలలు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. పెళ్లయి పదిహేనేళ్లయింది. పద్నాలుగేళ్ల అమ్మాయి, ఏడేళ్ల బాబు ఉన్నారు. ఉద్యోగం, ఇంటిపని, అత్తగారి మందులు, పిల్లల చదువులు అన్నీ ముగిసేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. రెండేళ్లుగా ఆ వేళలో ఫోనులో క్వీర్ నవలలు (స్వలింగ ప్రేమల వంటి వాటి గురించిన కథలు), ముఖ్యంగా ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను చెప్పేవి చదువుతున్నాను. ఒక్కోసారి రెండు గంటలవుతుంది. అడుగుల చప్పుడు వినిపిస్తే ఫోను బోర్లా పెట్టేస్తాను. ఈమధ్య మావారు చూసి, "ఈ వయసులో ఇదేం పిచ్చి? డాక్టరుకు చూపించుకో" అన్నారు. మానేస్తానని మాట ఇచ్చాను కానీ మానలేకపోతున్నాను. అమ్మాయి కూడా పుస్తకం అట్ట చూసి "ఏం కథమ్మా అది?" అని అడిగితే కసిరాను. నేను కుటుంబానికి అన్యాయం చేస్తున్నానా? ఇవి ఇంతగా నచ్చుతున్నాయంటే నా గురించి ఏమనుకోవాలి?

జవాబు: మీరు ఏం చదువుతున్నారన్నది ఒక సంగతి, ఎప్పుడు, ఎంతసేపు చదువుతున్నారన్నది ఇంకో సంగతి. మీ ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయి, ఒకదాని తప్పు మరొకదాని మీద పడుతోంది. రాత్రి రెండింటి దాకా మేలుకొని పొద్దున్నే లేచే మనిషికి మర్నాడు పిల్లల మీద విసుగు వస్తే, దానికి కారణం నిద్ర చాలకపోవడమే. చేతిలో ఉన్నది అపరాధ పరిశోధన నవల అయినా విసుగు అంతే వచ్చేది. కాబట్టి నిద్ర విషయంలో మిమ్మల్ని సమర్థించలేను.

అయితే అర్ధరాత్రి తప్ప మీకు వేరే వేళ ఎందుకు మిగల్లేదన్నది మీ ఇంట్లో ఎవరూ అడిగినట్టు లేదు, మీరు కూడా అడగలేదు. అదే గంటసేపు మీరు హాల్లో కూర్చుని సీరియల్ చూసి ఉంటే ఎవరైనా సంజాయిషీ అడిగేవారా? వారంలో కనీసం మూడు సాయంత్రాలు ఒక గంట మీదేనని ఇంట్లో బాహాటంగా చెప్పండి. ఆ గంటలో అత్తగారి మందులు ఎవరు ఇస్తారో, బాబు హోంవర్కు ఎవరు చూస్తారో పేరుపేరునా తేల్చుకోండి. పుస్తకం గొప్పది కాబట్టి సమయం ఇవ్వండని వాదించవద్దు. మీకు విశ్రాంతి కావాలి అన్నది చాలినంత కారణం. పగలు కాస్త సమయం దొరికితే రాత్రి చదువు దానంతట అదే తగ్గుతుంది, ఎందుకంటే మానలేకపోవడంలో కొంత భాగం కథల మీది ఇష్టమైతే, కొంత భాగం రోజు మొత్తంలో మీదంటూ ఉన్నది అదొక్కటే కావడం.

ఇక ఈ కథలే ఎందుకు అన్న ప్రశ్నకు ఒక్కటే జవాబు ఉండాలని లేదు. ఇద్దరు స్త్రీలు కలిసి బతికే కథలో ఎవరు వండాలి, ఎవరు సంపాదించాలి, జబ్బు చేస్తే ఎవరు సెలవు పెట్టాలి అన్నది పుట్టుకతో నిర్ణయమై ఉండదు, ప్రతిదీ మాట్లాడుకునే తేల్చుకోవాలి. రోజంతా అడగకుండానే అందరి పనులూ మీద వేసుకునే స్త్రీకి ఆ మాట్లాడుకోవడమే కొత్త ప్రపంచంలా కనిపించవచ్చు. నా దగ్గరకు వచ్చేవారిలో ఈ మాట చెప్పినవారు ఉన్నారు, వాళ్లు స్త్రీలను ప్రేమించేవారు కారు. అలాగే ఇలాంటి నవలలు చదువుతూ చదువుతూ తమను తాము గుర్తుపట్టినవారు కూడా ఉన్నారు, వారిలో కొందరికి అప్పటికే పెళ్లయి పిల్లలున్నారు. మీరు ఏ కోవకు చెందుతారో ఉత్తరం చూసి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. పుస్తకం మూసేశాక మీలో మిగిలేది ఏమిటో గమనించండి: ఆ ఇద్దరి మధ్య ఉన్న చనువా, శరీరానికి సంబంధించిన కోరికా, ఎప్పటిదో ఒక స్నేహితురాలి జ్ఞాపకమా? జవాబుకు గడువు పెట్టుకోవద్దు. స్త్రీల పట్ల ఆకర్షణ ఉందని తేలినా భర్త మీద ఉన్న ప్రేమ అబద్ధమైపోదు, స్త్రీలు, పురుషులు ఇద్దరి పట్లా ఆకర్షణ ఉండేవారు ఎందరో ఉన్నారు. అయితే అలా తేలిననాడు అది ఆయనకు సంబంధించిన విషయం కూడా అవుతుంది కనుక, కోపంలో నోరుజారి కాకుండా మీరు సిద్ధపడ్డాకే చెప్పాలి.

దాచుకున్నంత మాత్రాన అది తప్పుడు పని అనుకోవద్దు. అమెరికన్ రచయిత్రి ప్యాట్రీషియా హైస్మిత్ ఇద్దరు స్త్రీల ప్రేమ మీద నవల రాసి 1952లో మారుపేరుతో ప్రచురించారు, అది ఆమె సొంత పేరుతో వచ్చింది 1990లో. ఇంగ్లండు రచయిత ఇ. ఎం. ఫార్‌స్టర్ ఇద్దరు పురుషుల ప్రేమను సుఖాంతంగా రాసిన నవల ఆయన మరణించాక, 1971లో గానీ అచ్చుకాలేదు. రాసినవారికే ఇంత జంకు ఉన్నప్పుడు చదివేవారు ఫోను బోర్లా పెట్టడంలో వింత లేదు.

మీవారికి ఇచ్చిన మాటను చాటుగా తప్పే కన్నా ఎదురుగా వెనక్కి తీసుకోవడం మేలు. పిల్లలు లేని వేళ చూసి, "ఆ రోజు భయపడి మానేస్తానన్నాను. మానను. రాత్రి త్వరగా పడుకుంటాను, కానీ నాకు నచ్చిన కథలు చదువుకుంటాను" అనండి. అంతకు మించి వివరణ మొదటిరోజే అక్కర్లేదు. ఆయన కోపం కింద, తాను మీకు చాలడం లేదేమో అన్న బెంగ ఉండవచ్చు. అది ఆయన నోట వస్తే ఎగతాళి చేయకుండా వినండి. అయితే ఆయన చెయ్యి చేసుకునే మనిషైనా, మీ పుట్టింటికి చెప్పి పరువు తీస్తానని బెదిరించే మనిషైనా ఈ సలహా వర్తించదు. అప్పుడు గోప్యతే మీ రక్షణ. పుస్తకాల యాప్‌ను ఇంటిల్లిపాదీ వాడే ఖాతాలో ఉంచవద్దు, కొన్నవి మిగతావారికి కూడా కనిపిస్తాయి.

అమ్మాయి సంగతి ఆలస్యం చేయకండి. మీరు కసిరినప్పుడు ఆ పిల్లకు అర్థమైంది అందులో సిగ్గుపడాల్సినది ఏదో ఉందని. తనకు తెలిసినవారిలోనో, తనలోనో అలాంటి ప్రశ్న ఉంటే, ఇక మీ దగ్గరకు రాదు. మీరే కదిపి, "ఆ రోజు అడిగావుగా, అది ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరమ్మాయిల కథ. నిన్ను కసరకుండా ఉండాల్సింది" అని చెప్పి, ఎందుకడిగావని ఆరా తీయకుండా వదిలేయండి. పెద్దల కోసం రాసిన నవలల్లో పడకగది సన్నివేశాలు ఉంటాయి కాబట్టి ఫోను మాత్రం చేతికివ్వవద్దు. ఏ ప్రేమకథకైనా ఇదే జాగ్రత్త.

డాక్టరు మాట మిగిలింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోను స్వలింగ ఆకర్షణను తమ రోగాల జాబితాల నుంచి తీసివేశాయి. ఆకర్షణే రోగం కానప్పుడు దాని గురించి చదవడం ఎలా అవుతుంది? అయినా మీవారు పట్టుబడితే, ఇద్దరూ కలిసి దంపతుల కౌన్సెలింగ్‌కు వెళ్లడానికి ఒప్పుకోండి, ఒంటరిగా రోగిలా వెళ్లడానికి ఒప్పుకోవద్దు. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే మీరు ఫోను చేసి, సమస్యను రెండు ముక్కల్లో చెప్పి, వాళ్లు ఏమంటారో వినండి. "ఆ ఆలోచనలు పోగొడతాం" అంటే వేరేవారిని వెతుక్కోండి.