చేపల కాటా కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కైకలూరు దగ్గర పదెకరాల చెరువు లీజుకి తీసుకున్నావని, శాంపిల్ తూకానికి (కొన్ని చేపలు పట్టి సగటు బరువు చూసుకోవడానికి) చేతి కాటా ఏది కొనాలో కనుక్కోమన్నావని అక్కయ్య చెప్పింది. ఫోన్లో చెబితే సగం చెవిన పడదు. అందుకే రాస్తున్నాను, దగ్గర పెట్టుకో.

కాటా చిన్న వస్తువే గానీ నీ మేత ఖర్చంతా దాని మీదే నడుస్తుంది. ఒక లెక్క చూడు. ఎకరానికి 2,500 చొప్పున పదెకరాల్లో 25,000 చేపలు ఉన్నాయనుకో. సగటు 800 గ్రాములైతే చెరువులో 20 టన్నులు ఉన్నట్టు. బరువులో 2 శాతం మేత వేస్తే రోజుకి 400 కిలోలు. కాటా 800కి 840 చూపించిందంటే నువ్వు 420 కిలోలు వేస్తావు. రోజుకి 20 కిలోలు, నెలకి 600 కిలోల తవుడూ చెక్కా నీళ్లపాలు. డబ్బు పోవడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. తినని మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెంచుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. కాటా తక్కువ చూపిస్తే దీనికి తిరగేసిన నష్టం: చేప ఆకలితో ఉంటుంది, ఎదుగుదల వెనకబడుతుంది, ఎందుకో నీకు అర్థం కాదు.

షాపుకి వెళ్తే అతను ముందు చెప్పే మాట, "ఇది 10 గ్రాముల తేడా కూడా చూపిస్తుంది సార్" అని. ఆ మాటకి పడిపోవద్దు. 10 గ్రాముల మెట్టుతో అంకె చూపించడం వేరు, ఆ అంకె నిజం కావడం వేరు. 5 కిలోల రాయి తగిలిస్తే 5.14 అని చూపించే కాటా కూడా 10 గ్రాముల తేడా చూపించే కాటాయే.

నీకు కావలసింది నువ్వు తూచే బరువు దగ్గర నిజం చెప్పే కాటా. అందుకే ముందు ఏం తూస్తావో తేల్చుకో. ఒక్కో శీలావతినీ, ఒక్కో బొచ్చెనీ విడివిడిగా తూచడం మన పని కాదు. పాతిక చేపల్ని జాలీ సంచిలో వేసి ఒకేసారి తూచి, లెక్కతో భాగిస్తాం. 800 గ్రాముల చేపలు పాతికైతే 20 కిలోలు. కిలో దాటిన చేపలైతే 30 కిలోల వరకూ పోతుంది. కాబట్టి 50 కిలోల కెపాసిటీ, 10 గ్రాముల మెట్టు ఉన్నది చాలు. 200 కిలోలు తూచేది కొంటే నీ బరువులన్నీ దాని అడుగు భాగంలోనే ఉంటాయి, అక్కడ తప్పు ఎక్కువ. చేప పిల్లల్ని తూచేటప్పుడు కూడా ఇదే పద్ధతి. 50 గ్రాముల పిల్లని ఒక్కదాన్నే తగిలిస్తే 5 గ్రాముల అటూ ఇటూ అంటేనే పదో వంతు తప్పు. వంద పిల్లల్ని బక్కెట్ నీళ్లలో వేసి, నీళ్లతో సహా బక్కెట్ బరువు తీసేసి తూస్తే ఆ 5 గ్రాములు లెక్కలోకే రావు.

ఇక పరీక్ష. దీని దగ్గర మొహమాటపడకు, కొనే ముందే చెయ్యి. తెలిసిన కిరాణా కొట్టు నుంచో, మీ ఊరి ధాన్యం కాటా దగ్గర నుంచో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న పడికట్టు రాళ్లు తీసుకెళ్లు. 5 కిలోలు, 10 కిలోలు, రెండు పదులు కలిపి 20 కిలోలు తగిలించి అంకెలు రాసుకో. ప్రతి బరువునీ తీసి మళ్లీ తగిలించు, కనీసం మూడుసార్లు. మూడుసార్లూ 20.06 చూపిస్తే ఆ కాటాతో బతకొచ్చు, 60 గ్రాములు తీసేసుకుంటావు. ఒకసారి 19.92, ఇంకోసారి 20.10 చూపించేదైతే సగం ధరకి ఇచ్చినా వద్దు, దాన్ని సరిచేసే దారి లేదు. బరువు తీసిన వెంటనే సున్నాకి వస్తుందో లేదో చూడు. 20 కిలోలు తగిలించి ఐదు నిమిషాలు వదిలెయ్, అంకె నెమ్మదిగా జరుగుతుంటే లోపల బరువుని పట్టే భాగం, లోడ్ సెల్, నాసిరకం. రాళ్లతో క్యాలిబ్రేషన్, అంటే అంకెని మనమే సరిచేసుకునే వీలున్న కాటా దొరికితే అదే కొను. దూరదేశంలో సరిచేసి పంపిన కాటా మన దగ్గర కిలోకి రెండు గ్రాముల దాకా తక్కువ చూపించవచ్చు, భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ గురుత్వాకర్షణ తగ్గుతుంది కాబట్టి. దాని గురించి టెన్షన్ వద్దు, ఒకసారి ఇక్కడి రాళ్లతో సరిచేస్తే పోతుంది.

రాళ్లు దొరకనప్పుడు లీటరు నీళ్ల బాటిళ్లు ఐదు కట్టి తగిలించు. నీళ్లే ఐదు కిలోలు, ఖాళీ బాటిళ్ల బరువు అదనం. పెద్ద తప్పు ఉంటే ఇట్టే తెలిసిపోతుంది, చిన్న తప్పుకి మాత్రం పనికిరాదు.

స్ప్రింగ్ కాటా చాలదా అంటావేమో. బ్యాటరీ గొడవ లేదు, నిజమే. కానీ గీతకీ గీతకీ మధ్య బరువు తేడా ఎక్కువ, తడికి స్ప్రింగ్ తుప్పు పట్టి సాగిపోతుంది. అత్యవసరానికి ఒకటి ఉంచుకో.

మంచి కాటా కొన్నాక కూడా తూకం చెడేది గట్టు మీదే. 20 కిలోల సంచిని ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో సెల్‌ఫోన్‌లో అంకె రాసుకునే కుర్రాళ్లని చూస్తుంటాను, చాలా బాధేస్తుంది. చెయ్యి వణుకుతుంది, కాటా పక్కకి వాలుతుంది, లోపల చేప కొట్టుకుంటుంది. చాలా కాటాలు అంకె కాసేపు నిలవగానే దాన్ని పట్టేసి ఆపేస్తాయి. చేప ఎగిరిన క్షణంలో ఆగిందంటే ఆ బరువు అబద్ధం. మూడు వెదురు కర్రలు కలిపి కట్టి, దానికి కాటా వేలాడదీయి. లేదా ఇద్దరు మనుషుల భుజాల మీద కర్ర పెట్టి మధ్యలో తగిలించు. కదిలే బరువుకి కొన్ని సెకన్ల సగటు తీసి చూపించే కాటాలు ఉన్నాయి, పశువుల తూకానికీ వాడతారు. నాలుగు డబ్బులు ఎక్కువైనా చేపకి అదే మేలు. చేపని మొప్పల్లో కొక్కెం పెట్టి మాత్రం ఎప్పుడూ తూచకు. తిరిగి చెరువులోకి వెళ్లాల్సిన చేప అది.

నీటి బరువు మర్చిపోకు. పొడి సంచికి సున్నా చేసి, తర్వాత తడి సంచిలో చేపలు తూస్తే సంచి పీల్చుకున్న నీరంతా చేప బరువే అవుతుంది. ముందు సంచిని చెరువులో ముంచి, నీళ్లు ఓడనిచ్చి, అప్పుడు సున్నా చెయ్యి. రెండు మూడు తూకాలకోసారి మళ్లీ చెయ్యి. చేపలు వేశాక కూడా నీళ్లు ఓడేదాకా ఆగు. కానీ ఎక్కువసేపు ఆగకు.

బటన్ నొక్కితే యూనిట్ మారిపోయే కాటాలే ఎక్కువ. పౌండు అంటే 454 గ్రాములు, జిన్ అంటే చైనా వాళ్ల అర కిలో. పొరపాటున జిన్‌లోకి వెళ్తే కిలో చేప రెండుగా కనిపిస్తుంది. ప్రతిసారీ అంకె పక్కన కేజీ గుర్తు చూడు. బ్యాటరీ మీ ఊళ్లో దొరికే పెన్సిల్ సెల్ అయి ఉండాలి, గుండీ సెల్ అయితే అవసరానికి దొరకదు. సెల్ తగ్గుతున్న గుర్తు కనిపిస్తే ఆ పూట తూకాన్ని నమ్మకు.

వల విసిరేది చెరువులో మేత నింపి కట్టే సంచుల దగ్గర ఒక్కచోటే కాదు, నాలుగు మూలలా విసిరించు. మేత దగ్గరకి పెద్దవే ముందు వస్తాయి. పొద్దున్నే, మేత కట్టక ముందు తూచు, కడుపు ఖాళీగా ఉంటుంది.

రేపు వనామి రొయ్య వేస్తానంటే ఈ కాటా దానికి పనికిరాదు. వంద కౌంట్ రొయ్య అంటే కిలోకి వంద తూగేది, ఒక్కోటి 10 గ్రాములు. దానికి బల్ల మీద పెట్టే గ్రాము కాటా కావాలి.

ఇది నీ సొంత లెక్కకే అని గుర్తుంచుకో. పట్టుబడి నాడు, అంటే చేపలు పట్టి అమ్మే రోజు, అమ్మకం తూకానికి 2009 నాటి తూనికల చట్టం ప్రకారం ముద్ర వేసిన కాటానే వాడాలి. ఎలక్ట్రానిక్ కాటాకి ఆ ముద్ర ఏటా వేయించాలి. వ్యాపారి కాటా తెస్తే ముద్ర మీద ఏడాది చదువు, మొదటి ట్రే ఎక్కించే ముందే నీ 10 కిలోల ముద్ర రాయి దాని మీద పెట్టు. రాయి పెట్టావని కోప్పడే వ్యాపారితో బేరం వద్దు. ఐస్ కింద, తడి కింద తరుగు ఎంతో ముందే మాట్లాడుకో, తూకం మొదలయ్యాక కాదు.

రాళ్లు దొరక్కపోతే మా ఇంట్లో ముద్ర వేయించిన 5 కిలోలదీ, రెండు 10 కిలోలవీ ఉన్నాయి. శనివారం అత్తయ్యా నేనూ ఆకివీడు వస్తున్నాం, కారులో పెట్టుకొస్తాను. అప్పటిదాకా ఏదీ కొనకు.

ఉంటాను,
మామయ్య