కాంటెస్సా వెనక బాడీ తుప్పు

ప్రశ్న: మాది కళింగపట్నం. నాన్నగారి పాత కాంటెస్సా కారు ఇంట్లోనే ఉంది, టార్పాలిన్ కప్పి ఉంచాం. ఎడమవైపు వెనక చక్రం పైన పెయింట్ బుడగలు లేచింది, వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోతోంది. డిక్కీలో మ్యాట్ ఎత్తితే తడి. శ్రీకాకుళంలో ఒక టింకరింగ్ మేస్త్రీ ఫైబర్ అతికించి పుట్టీ పెట్టేద్దామన్నారు, ఇంకొకాయన ఆ పక్క ప్యానెల్ మొత్తం కోసేయాలన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరిదీ వినకండి. వేలు దిగిపోతోందంటే అక్కడ రేకు లేదు, పెయింటే ఉంది. దాని మీద ఫైబర్ వేస్తే లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది, మీ సముద్రపు గాలికి మళ్లీ బుడగలు రావడానికి ఎక్కువ రోజులు పట్టదు. పైగా కాంటెస్సాకి విడిగా ఛాసిస్ (కింద ఉండే ఇనుప చట్రం) లేదు, బరువు మోసేది బాడీయే, కాబట్టి ఇది అందం గొడవ ఒక్కటే కాదు.

ముందు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో పట్టుకోండి. ఇది తేలకుండా వెల్డింగ్‌కి ఇస్తే డబ్బు దండగ. ఎవరినైనా బయట పైపుతో నీళ్లు కొట్టమని, మీరు లోపల టార్చి వేసి చూడండి: వెనక అద్దం రబ్బరు, టెయిల్ ల్యాంప్ గాస్కెట్, డిక్కీ రబ్బరు. సాధారణంగా దొంగ ఈ మూడింట్లోనే ఉంటాడు. స్టెప్నీ గుంటలో నీళ్లు పోయే రంధ్రం మట్టితో పూడుకుపోయిందేమో కూడా చూడండి.

తర్వాత ఒక అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి ప్యానెల్ మీద జరపండి. పట్టు వదిలిన చోట పాత పుట్టీయో, ఫైబరో ఉన్నట్టు. గ్రైండర్‌తో తెల్లగా మెరిసే రేకు వచ్చేదాకా గీకించి, అక్కడిదాకా మాత్రమే కోయించండి. 2002లోనే తయారీ ఆగిపోయిన బండి, కొత్త ప్యానెల్ కోసం తిరగడం కంటే అట్టముక్క మీద ఆకారం గీసుకుని 20 గేజ్ (మిల్లీమీటరు లోపు మందం) రేకు వంచించడం నయం. అతికించేది సీఓటూ వెల్డింగ్‌తోనే (కరెంటుతో తీగ కరిగించి అతికేది), మంటతో చేసే గ్యాస్ వెల్డింగ్ వద్దని గట్టిగా చెప్పండి, ఆ వేడికి పల్చటి రేకు అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. సీఓటూ అయినా గీత గీసినట్టు ఒకేసారి లాగకూడదు, ఇక్కడో చుక్క, దూరంగా ఇంకో చుక్క, చల్లారాక మధ్యలో. ఒకట్రెండు చుక్కలు పడగానే డిక్కీ మూసి సందు రెండువైపులా సమానంగా ఉందో లేదో చూసుకోవాలి, మొత్తం అతికాక చూస్తే మళ్లీ కోతే.

పెట్రోల్ ట్యాంకు దించకుండా, బ్యాటరీ వైరు తీయకుండా ఎవరినీ వెల్డింగ్ ముట్టనివ్వకండి. ట్యాంకు ఖాళీయే కదా అంటారు, ఖాళీ ట్యాంకులో ఆవిరే అసలు ప్రమాదం.

పుట్టీ అసలు వద్దనడం లేదు. ఎపాక్సీ ప్రైమర్ (రేకుకు తుప్పు పట్టకుండా వేసే అడుగు పూత) కొట్టాక దాని మీద 2, 3 మిల్లీమీటర్లు మించకుండా పెట్టుకోవచ్చు. అతుకులకు సీలెంట్, ప్యానెల్ లోపలి వైపు మైనం స్ప్రే, ఈ రెండూ కంటికి కనపడవు కాబట్టి షాపుల్లో ఎగ్గొట్టేస్తారు, దగ్గర నిలబడి చేయించుకోండి. ఆ టార్పాలిన్ తీసి అవతల పడేయండి, కింద చెమ్మ పట్టి ఉంచేది అదే. నాలుగు రేకులు వేసి గాలి ఆడే షెడ్డు కట్టండి.

ప్రశ్న: టింకరింగ్ అయ్యాక తెల్ల కారుకి ఎరుపు వేయించుకోవచ్చా? (విజయనగరం పాఠకుడు)

జవాబు: వేయించుకోండి. ఆర్సీలో రంగు మార్పించుకోవడం మాత్రం మర్చిపోవద్దు. 15 ఏళ్లు దాటిన బండి అయితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ కూడా ఓసారి చూసుకోండి.