ఆరు బిందెల నీళ్ళతో పెరట్లో ఏ చెట్లు పెట్టుకోవాలి?

సందేహం: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. కొత్త ఇంటి వెనక మూడు సెంట్ల స్థలం ఉంది. ఎర్రనేల, అడుగున్నర లోతులో గరుసు తగులుతుంది. బోరు ఎండిపోయింది, ఇంటి వాడకం పోను రోజుకు ఆరు బిందెలు మిగులుతాయి. రెండు టెంకాయ చెట్లు, మల్లె, కూరగాయలు పెట్టాలని ఉంది. మేకలు కూడా ఉన్నాయి. ఏం చేయమంటారు?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అన్నా, టెంకాయ ఆలోచన మానుకోండి. కాపుకొచ్చిన ఒక్క చెట్టుకే ఎండాకాలంలో రోజుకు 40 లీటర్ల దాకా కావాలి, మీ ఆరు బిందెలూ కలిపితే 80 లీటర్లు, అంటే ఆ రెండు చెట్లే మొత్తం తాగేస్తాయి, ఇక మిగతా వాటికి చుక్క ఉండదు.

మీ నేలకు సీతాఫలం, రేగు, మునగ, కరివేపాకు సరిపోతాయి. సీతాఫలం, రేగు ఎండలు ముదిరితే ఆకు రాల్చేసి నీళ్ళ ఖర్చు తగ్గించుకుంటాయి. చెట్టు చచ్చిపోయిందని చాలామంది పీకేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, వాన పడగానే చిగురిస్తాయి. అయితే ఎంత కరువును తట్టుకునే చెట్టయినా మొదటి రెండు ఎండాకాలాలు నీళ్ళు పోసి కాపాడాల్సిందే, వేరు లోతుకు దిగేదాకా దానికీ ఆ బలం ఉండదు. అందుకే ఒకేసారి ఇరవై మొక్కలు తెచ్చుకోకుండా ఐదారుతో మొదలుపెట్టండి.

గుంత రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు తీయండి, గరుసును గడ్డపారతో పగలగొట్టాల్సి వస్తుంది, కష్టమే కానీ అక్కడ బద్ధకిస్తే వేరు పైపైనే తిరుగుతుంది. పైమట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపి, మంచి వాన పడ్డాక నాటండి. మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మి.మీ. వానే, అందులోనూ సెప్టెంబరులో ఎక్కువ, కాబట్టి జూలైలో నాటితే రెండు మూడు నెలలు వానే చూసుకుంటుంది. మొక్క పక్కన రంగు వేయని మట్టికుండను మూతి వరకు పూడ్చి, ఖాళీ అయినప్పుడల్లా నింపండి, నీళ్ళు నేరుగా వేరుకు ఊరుతాయి. పాదులో వేరుశనగ పొట్టు మూడంగుళాల మందాన పరవండి, కాండానికి మాత్రం తాకనీయొద్దు, చెదలు పడతాయి.

ఇంట్లో అక్క మల్లె అడిగి ఉంటారు, వద్దనను. ఒక్కటి పెట్టి బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు దానికి పోయండి. సబ్బునీళ్ళు పోయొద్దు, వాటిని నీడకు పెట్టిన కానుగకు మళ్ళించండి. మేకలున్న ఇంట్లో గన్నేరు అసలే వద్దు, ఎండిన ఆకు తిన్నా ప్రాణానికి ముప్పు.

కూరగాయలంటారా, గోరుచిక్కుడు, అలసంద, గోంగూర వానలతో పాటే వేసుకోండి. ఎండాకాలం మడులు ఖాళీగా వదిలేయండి, ఆ నీళ్ళు చెట్లకు.

ఇంకో మాట, మీ మిద్దె వెయ్యి చదరపు అడుగులుంటే 10 మి.మీ. వానకే దాదాపు 900 లీటర్లు వస్తాయి. గొట్టం పెట్టి ఆ నీటిని పాదుల్లోకి వదలండి, మునగ దగ్గర మాత్రం నిలవకూడదు, వేరు కుళ్ళుతుంది. రేగు అంటు మొక్క, అంటే అడవిరేగు మొదలుకు మంచి రేగు కొమ్మ అతికించింది, కొంటే ఆ అతుకు కింద వచ్చే చిగుళ్ళు ఎప్పటికప్పుడు గిల్లేయండి, లేకపోతే మంచి కొమ్మ ఎండిపోయి చివరికి అడవిరేగే మిగులుతుంది.